సిజిజీ టేబుల్‌బేస్‌లు: కొన్నేళ్లు వాడాక

చెస్ ఇంజిన్ స్టాక్‌ఫిష్‌కి సిజిజీ టేబుల్‌బేస్‌లు (బోర్డు మీద కొద్ది పావులే మిగిలిన పొజిషన్లన్నిటికీ ముందే లెక్కకట్టి పెట్టిన ఫలితాల ఫైళ్లు) తగిలించి కొన్నేళ్లుగా వాడుతున్నా, వేసుకోవాలా వద్దా అంటే నా మాట ఇది: ఐదు పావుల సెట్ కళ్లు మూసుకుని వేసేసుకోండి, ఆరు పావులది ఎస్ఎస్‌డీలో చోటుంటేనే, ఏడు పావులది మర్చిపోండి (రాజులిద్దర్నీ కలిపే ఈ లెక్క).

ఐదు వరకు మొత్తం కలిపి 1 జీబీ లోపే. ఆరుకొచ్చేసరికి 150 జీబీ, ఏడుకి సుమారు 17 టీబీ, అదెలాగూ లీచెస్ అనే చెస్ సైట్‌లో ఫ్రీగా చూసుకోవచ్చు. ఇంతకుముందు వాడిన నలిమోవ్ టేబుల్‌బేస్ ఫైళ్లయితే ఐదుకే 7 జీబీ, ఆరుకి 1.2 టీబీ మింగేవి, 2013లో రొనాల్డ్ డీ మాన్ సిజిజీ తెచ్చాక ఆ గొడవ తీరింది. కాకపోతే నలిమోవ్ ఎన్నెత్తుల్లో మేటో చెప్పేది, ఇది చెప్పదు. ఇందులో ఒక రకం ఫైలు గెలుపా డ్రానా ఓటమా అని మాత్రమే చెప్తుంది, రెండోది పావు కొట్టడానికో బంటు కదపడానికో ఇంకెన్నెత్తులు పడుతుందో లెక్కపెడుతుంది, అంతా యాభై ఎత్తుల రూల్ కోసమే (యాభై ఎత్తులపాటు పావు కొట్టకుండా, బంటు కదపకుండా ఆడితే డ్రా అడగొచ్చు).

నాకు చిరాకు తెప్పించేది ఇదే. క్వీన్, బంటు చేతిలో ఉండి రెండెత్తుల్లో మేట్ కనిపిస్తున్నా సరే, ఆ రెండో ఫైలు లెక్కలో బంటు తోయడమే పైన కూర్చుంటుంది, ఎందుకంటే బంటు కదిలితే కౌంట్ మళ్లీ సున్నా కదా. గెలుపు ఎక్కడికీ పోదనుకోండి, కానీ నేర్చుకుందామని చూసేవాడికి తల తిరుగుతుంది. డ్రా పొజిషన్లలో ఇంకా నీరసం, పది ఎత్తులకీ 0.00 వేసి కూర్చుంటుంది, ఎదుటివాడికి ఏది ఆడితే కష్టమో దానికి అక్కర్లేదు.

అయినా తీసెయ్యబుద్ధి కాదు. రెండు బిషప్‌లు, ఎదురుగా ఒక్క నైట్, ఇది డ్రా అని వందేళ్లకు పైగా నమ్మారు, 1983లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ కంప్యూటర్‌తో లెక్క కట్టిస్తే దాదాపు ఎప్పుడూ గెలుపే అని తేలింది, కొన్నిచోట్ల నైట్‌ని కొట్టడానికే 66 ఎత్తులు పడుతుంది. అలాంటివాటిని సిజిజీ విడిగా చూపిస్తుంది, గెలుపే గానీ రూల్ ప్రకారం డ్రా అని. రూక్-బిషప్ వర్సెస్ రూక్‌లో డిఫెండ్ చేయడం ప్రాక్టీస్ చేస్తుంటే ఏ ఎత్తు దగ్గర గేమ్ పోయిందో ఠక్కున తెలిసిపోతుంది, ఎందుకు పోయిందో మాత్రం మనమే బుర్ర పెట్టి ఆలోచించుకోవాలి.

ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి: ఇంజిన్ సెట్టింగ్స్‌లో ఫైళ్లున్న ఫోల్డర్ పాత్ ఇచ్చాక ఐదు పావుల సెట్‌కి 145 టేబుల్‌బేస్‌లు దొరికాయని రావాలి, తక్కువొస్తే ఏదో ఫైలు దిగలేదన్నమాట. మామూలు హార్డ్ డిస్క్‌లో పెడితే ఎండ్‌గేమ్ దగ్గరపడేకొద్దీ ఇంజిన్ స్పీడ్ ఢామ్మని పడిపోతుంది, అప్పుడు ప్రోబ్ డెప్త్ (ఇంజిన్ టేబుల్‌బేస్‌ని ఎంత తరచుగా చూడాలో తగ్గించే సెట్టింగ్) పెంచండి కాస్త నయం. చోటు సరిపోకపోతే ఆరు పావులవాటిలో గెలుపు-డ్రా ఫైళ్లొక్కటే ఉంచుకోండి, 68 జీబీలో అయిపోతుంది, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నా.