కరెంటొచ్చినా మేలుకోని సిగార్ల ఫ్రిజ్జు

దీని అద్దం తలుపు గురించి, లోపలి నీలం లైటు గురించి, సీడారు చెక్క అరల గురించి వాడినవాళ్లు ఇప్పటికే బోలెడు చెప్పేశారు. వాటి మీద నాకూ ఫిర్యాదేం లేదు. నా కోపమంతా ఒక్కదాని మీదే. కరెంటు పోయి వచ్చాక ఇది తనంతట తాను ఆన్ అవదు. మనం వెళ్లి టచ్ బటన్ మీద వేలు పెట్టి కాసేపు నొక్కిపట్టాలి. అప్పుడైనా మనం పెట్టుకున్న 18 డిగ్రీలు దానికి గుర్తుండదు, ఫ్యాక్టరీలో పెట్టిన అంకెకే పోతుంది. శ్రీకాకుళంలో, అందులోనూ వేసవిలో, కరెంటు రోజుకెన్నిసార్లు పోయి వస్తుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

టీవీకో మిక్సీకో ఇలాంటి గుణం ఉంటే ఎవరికీ నష్టం లేదు. సిగార్ల పెట్టెకు ఉంటే మాత్రం నష్టమే, ఎందుకంటే దీన్ని కొనేదే పురుగుకు భయపడి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించని గోధుమరంగు పెంకు పురుగు అది. గుడ్లు ఆకులోనే ఉండి సిగారుతోపాటు మన ఇంటికి రావచ్చు, చూసినా కనపడవు. చల్లగా ఉన్నంతకాలం అవి అలాగే పడుంటాయి. 30 డిగ్రీల వేడి, దానికి తోడు గాలిలో చెమ్మ దొరికితే వారం పది రోజుల్లో పొదుగుతాయి. వేడీ చెమ్మా కలిసిన గాలికి మన సముద్రం ఒడ్డున కొదవేముంది? ఆకును తినేది లోపలి పిల్ల పురుగే. పెద్దదయ్యాక అసలు తిండే తినదు, కన్నం చేసుకుని బయటికొచ్చి, ఇంకో సిగారు మీద గుడ్లు పెట్టి చస్తుంది. అందుకే మనకు కన్నం కనపడే వేళకు జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

కొన్న కొత్తలో నేనూ దీన్ని తెగ పొగిడాను. 18 పెడితే 18 దగ్గరే నిలబడుతుందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. అయితే అది కార్తీకమాసం మాట. ఇందులో కంప్రెసర్ లేదు, కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పెల్టియర్ పలక, దానికో చిన్న ఫ్యాను, అంతే. గది వేడి మీద ఓ పది పన్నెండు డిగ్రీలు తగ్గించడమే దాని శక్తి. మా మేడమీద గది శ్లాబు కింద వైశాఖంలో 37 దాటుతుంది. అప్పుడు లోపల 25కు దిగితే గొప్ప. శబ్దం లేదని కూడా అప్పట్లో అన్నాను. ఇప్పుడు ఫ్యాను రాత్రిపూట సన్నగా గుర్రుమంటోంది, నిద్ర చెడేంత కాదులెండి.

ఇక అసలు సంగతి. మే నెలలో బరంపురంలో చుట్టాల పెళ్లికని ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఇక్కడ గాలివాన కొట్టి ఎక్కడో స్తంభం ఒరిగిందట, కరెంటు పోయి, మళ్లీ వచ్చింది. మేం తిరిగొచ్చేసరికి వంటింట్లో ఫ్రిజ్జు తన పని తాను చేసుకుంటోంది. హాల్లో మోడెం లైట్లు వెలుగుతున్నాయి. మేడమీద ఈ పెట్టె ఒక్కటే చీకటిగా ఉంది. లోపల చెమ్మ, వేడి చూసుకోడానికి నేను పెట్టుకున్న బుల్లి మీటరొకటి ఉంది, బటన్ సెల్‌తో నడుస్తుంది. అత్యధికం ఎంతో నొక్కి చూస్తే 36 డిగ్రీలు చూపించింది. అంత చవక మీటరు గుర్తుపెట్టుకున్న లెక్కను ఇంత పెద్ద పెట్టె ఎందుకు గుర్తుపెట్టుకోలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

అరలు తీసి ఒక్కొక్కటే చూశాను. ఏమీ లేదు. ఆన్ చేసి ఊరుకున్నాను. వానలు మొదలయ్యాక ఓ సాయంత్రం అద్దానికి లోపలివైపు, లైటు దగ్గర, ఓ గోధుమ చుక్క కనిపించింది. తలుపు తీసి అగ్గిపుల్లతో కదిపితే కాళ్లు ముడుచుకుని దొర్లి కింద పడింది. చచ్చిందనుకుని కాగితం మీదికి తీశాను. కాసేపటికి ముందు ఒక కాలు, తర్వాత మీసాలు బయటపెట్టి నింపాదిగా నడక మొదలుపెట్టింది. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకు కొన్న భూతద్దంలో చూస్తే తల ఛాతీ కిందికి వంగి గూనిలా ఉంది, మీసాలు రంపం పళ్లలా ఉన్నాయి. అచ్చంగా అదే.

పై అరలో దుబాయ్ నుంచి మా తమ్ముడు తెచ్చినవి ఉంటాయి. సుంకం లేకుండా మనిషికి 25 సిగార్లకే అనుమతి, అందుకని వాడొచ్చినప్పుడల్లా కొన్ని కొన్ని పోగేసినవి. ఒకదాన్ని తెల్లకాగితం మీద కాల్చే కొస కిందికి పెట్టి తట్టాను. నస్యంలాంటి మెత్తని పొడి రాలింది. పై ఆకు మీద గుండుసూది గుచ్చినట్టు రెండు కన్నాలు, అంచులు నున్నగా ఉన్నాయి. పక్కదానికి పై ఆకు చెక్కుచెదరలేదు గానీ వేళ్లతో నొక్కితే మధ్యలో డొల్ల. సెల్లోఫేను కవరు ఉన్నవాటికైనా ఏం కాదనుకుంటే, ఒకదానికి కవరు కూడా తొలిచేసి ఉంది. ఆ అరలో సగం పోయాయి.

కంపెనీకి ఫోన్ చేశాను. “టచ్ ప్యానెల్ మోడల్స్ అంతే సార్, సేఫ్టీ కోసం అలా పెట్టారు” అన్నాడు కుర్రాడు. ఎవరి సేఫ్టీయో చెప్పలేదు. మా వీధి చివర ఫ్రిజ్జులు బాగుచేసే అతను వెనక మూత విప్పి, “బోర్డులోనే లేదు సార్. తిప్పే నాబ్ ఉన్న పాత రకమైతే కరెంటు రాగానే దానంతటదే తిరిగేది” అని తేల్చేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

మిగిలినవాటిని కాపాడింది ఈ పెట్టె కాదు, వంటింటి ఫ్రిజ్జులో డీప్ ఫ్రీజర్. క్యూబా వాళ్లు కూడా ఎగుమతికి ముందు సిగార్లను గడ్డకట్టే చలిలో ఉంచే పంపుతారు. ఇంట్లో చెయ్యాల్సింది తొందరపడకపోవడమే. గాలి పిండేసి, జిప్పు కవర్లు రెండు వెయ్యాలి. ఒక రోజు ఫ్రిజ్జు కింది అరలో ఉంచి, అప్పుడు ఫ్రీజర్‌లోకి మార్చాలి. ఇళ్లలో ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, అందుకని మూడు రోజులు చాలంటారు గానీ నేను వారం ఉంచాను. తీసేటప్పుడు మళ్లీ ఒక రోజు కింది అరలో ఉంచి, తర్వాత బయట పెట్టి, కవరు మీద తడి ఆరాకే విప్పాలి. గబగబా తీస్తే పై ఆకు చిట్లుతుంది. నావి ఒక్కటీ చిట్లలేదు. మా ఆవిడ “వంజరం ముక్కలు పెట్టుకునే చోట చుట్టలేటండీ” అని గొడవ చేసింది. కవర్లు రెండు వేసింది సగం సిగార్ల కోసం, సగం ఆవిడ కోసం. చేప వాసనైతే పట్టలేదు.

బియ్యం వ్యాపారం చేసే మిత్రుడొకాయన గోదాముల్లో పెట్టే బిళ్ల ఒకటి వేసి మూత పెట్టెయ్యమన్నాడు. దాన్నుంచి వచ్చేది ఫాస్ఫిన్ వాయువు, మనుషుల్ని చంపుతుంది. పడుకునే ఇంట్లో ఆ ఊసే వద్దు.

ఆ తర్వాత ఈ పురుగు కోసమే అమ్మే జిగురు అట్టలు తెప్పించాను. ఆడపురుగు వాసనకు మగవి వచ్చి అంటుకుంటాయి. వాటితో పురుగు అంతమైపోదు, ఉందో లేదో తెలుస్తుంది, అంతే. ఒకటి పెట్టె పక్కన పెట్టి, ఇంకొకటి మిగిలిందని వంటింట్లో పెట్టాను. పెట్టె పక్కన అట్ట దాదాపు ఖాళీగా ఉంటే వంటింట్లోది నల్లబడింది. వెతికితే అటక మీద, సీతంపేట కొండల నుంచి తెప్పించుకున్న పసుపుకొమ్ముల సంచిలో కాపురం పెట్టి ఉన్నాయి. ఈ పురుగు పొగాకొక్కటే తినదు, పసుపు, ధనియాలు, ఎండుమిరప, శొంఠి ఏదైనా తింటుంది. సిగార్ల నుంచి పసుపుకు పోయిందో పసుపు నుంచి సిగార్లకు వచ్చిందో చెప్పలేను. కాకపోతే ఆ సంచి తీసేశాక మేడమీద అట్టకు కొత్తవి అంటుకోలేదు. ఈ పెట్టె తలుపు రబ్బరు గట్టిది, మూసి ఉన్నంతసేపు బయటి పురుగు లోపలికి దూరదు. ఆ మార్కు దానికి వెయ్యాల్సిందే.

అదే సమయానికి మా మేనత్త ఊర్నుంచి వచ్చింది. డాక్టరు మాన్పించేదాకా అడ్డపొగ కాల్చిన మనిషి. పెట్టె ముందు నిలబడి, “ఏట్రా, సుట్టలకి కూడా ఏసీ ఎట్టినావా! మేం సుట్ట సుట్టిన పూటే కాల్సీసీవోళ్లం. పురుగు పట్టడానికి మిగిల్తే కదేటి” అంది. పసుపుకొమ్ములు మాత్రం తనే దింపించి, ఏరి, డాబా మీద ఎండబోసింది.

ఇప్పుడు పెట్టెను ఇన్వర్టర్ లైనుకు కలిపాను. 70 వాట్లే గానీ ఆగకుండా తాగుతుంది కాబట్టి బ్యాటరీ తొందరగా దిగిపోతోంది. కరెంటు పోయిన రాత్రి ఫ్యాన్లా, సిగార్లా అనే పంచాయతీలో మా ఇంట్లో నేను నెగ్గలేదు. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్లగ్గు నా చేతుల్లో ఉండదు. చెమ్మ వరకు నాకు ఇబ్బంది లేదు, చెమ్మను ఒకే స్థాయిలో ఉంచే బోవెడా ప్యాకెట్లు, 65 శాతానివి, పెడితే నిలకడగానే ఉంటోంది, శ్రావణంలో కూడా బూజు రాలేదు. కొత్తగా ఏ సిగారొచ్చినా ముందు వారం ఫ్రీజర్‌లో ఉండి గానీ ఇందులోకి రాదు. ఆ పద్ధతి పెట్టుకున్నాక మళ్లీ కన్నం చూడలేదు. అందులో ఈ పెట్టె గొప్పతనం ఎంతో నాకు అనుమానమే.

నేను నెలకు ఒకటో రెండో కాలుస్తాను, ఉన్నవి పాతబడాలని దాచుకుంటాను. అలాంటివాడికి మూత బిగుసుకునే మామూలు ప్లాస్టిక్ డబ్బా, బోవెడా ప్యాకెట్లు సరిపోయేవేమో. ఏసీ గది, పెద్ద ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు ఇది బాగానే పనిచేస్తుంది. విశాఖలో అపార్టుమెంటుకు జనరేటరున్న మా కొలీగ్ ఇదే మోడల్ వాడుతూ ఒక్క మాట కూడా అనడు. నేను దీన్ని అమ్మెయ్యను, కానీ రెండోది కొనను. కొనాలనుకునేవాళ్లు షాపులో 16 డిగ్రీలు పెట్టించి, ప్లగ్గు పీకించి, మళ్లీ పెట్టించి చూడండి. ఎవరూ ముట్టుకోకుండా లైటు వెలిగి అదే 16 కనిపిస్తే అప్పుడు బేరం మొదలుపెట్టండి.