నాలుగేళ్లుగా ఫ్రీ పాఠాలతోనే స్టాటిస్టిక్స్: నా అనుభవం

పదో తరగతిలో సగటు, మధ్యగతం, బాహుళకం సూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఉద్యోగంలో చేరి సర్వే డేటా చేతికొచ్చాక మాత్రం పీ వాల్యూ (అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత, లేదా ఇంతకుమించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పలేక నీళ్లు నమిలాను. అప్పటినుంచీ పైసా కట్టకుండా దొరికేవాటితోనే కుస్తీ.

అన్నీ మరిచిపోయినవాళ్లు ఖాన్ అకాడమీతో మొదలుపెట్టొచ్చు. వీడియోలకన్నా అక్కడి లెక్కలే బాగుంటాయి. అనోవా (చాలా గుంపుల సగటులు ఒకేసారి పోల్చే పద్ధతి) దాకా వచ్చి ఆగిపోతుంది, అంతే.

తర్వాత జోష్ స్టార్మర్ యూట్యూబ్ చానెల్ స్టాట్‌క్వెస్ట్‌కి అలవాటు పడ్డాను. ముందో చిన్న పాట, మధ్యమధ్యలో "బామ్!" అని కేక. మొదట్లో చిరాకేసింది, తర్వాత నేనూ అనడం మొదలుపెట్టాను. చిక్కల్లా, చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. మర్నాడు కాగితం ముందేసుకుంటే పెన్ను కదలదు. ఆరు నెలలు ఇలాగే గడిచిపోయాయి.

ఆ భ్రమ వదిలించింది సీయింగ్ థియరీ. బ్రౌన్ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో డేనియల్ కునిన్ మొదలుపెట్టిన సైటు అది. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (శాంపిల్‌ని బట్టి అసలు విలువకి వేసే అంచనా హద్దులు) అంటే, అసలు విలువ నాకొచ్చిన ఆ రెండు హద్దుల మధ్య ఉండే అవకాశం 95 శాతం అనుకునేదాన్ని. ఆ పేజీలో శాంపిల్ మీద శాంపిల్ తీస్తూ పోతే ఒక్కోదానికి ఆ హద్దులు చూపించే ఒక్కో గీత పడుతుంది. ఎక్కువ గీతలు అసలు విలువ మీదుగా వెళ్తాయి, కొన్ని తప్పిపోతాయి. పావుగంట అలా చూస్తూ కూర్చున్నాక బుర్రకెక్కింది: ఆ 95 నా ఒక్క గీత గురించి కాదు, గీతలు గీసే పద్ధతి గురించి. ఫోన్‌లో మాత్రం ఇరుకు, లాప్‌టాప్ కావాలి.

చదవడానికి ఓపెన్‌ఇంట్రో అనే స్టాటిస్టిక్స్ పాఠ్యపుస్తకం పీడీఎఫ్ చాలు. లీన్‌పబ్ అనే ఈ-బుక్స్ సైటులో ధరని సున్నాకి జరిపేస్తే దిగుతుంది. వెనక జవాబులు బేసిసంఖ్య లెక్కలకే ఉంటాయి. సరిసంఖ్యవి నేనూ, నా స్నేహితురాలూ విడివిడిగా చేసి వాట్సాప్‌లో పోల్చుకునేవాళ్లం. తేడా వచ్చినచోటే ఎక్కువ నేర్చుకున్నాం.

హార్వర్డ్ ప్రొఫెసర్ జో బ్లిట్జ్‌స్టీన్ స్టాట్ 110 కోర్సు వేరే లోకం. 34 లెక్చర్లు, సంభావ్యత లోతుల్లోకి దించేస్తాడు. రెండుసార్లు మధ్యలో వదిలేసి, మూడోసారి అటక మీంచి ఇంటర్ పుస్తకం దించి, సమాకలనం మళ్లీ చేసుకున్నాకే ముందుకెళ్లగలిగాను. తొందరలో ఉన్నవాళ్లు దీని జోలికి పోకండి.

ఇవన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివిన మా తమ్ముడు స్టాండర్డ్ డీవియేషన్ అనగానే బిక్కమొహం వేశాడు. ప్రామాణిక విచలనమేరా అన్నాక "ఓస్, అదా!" అన్నాడు. ఇప్పుడు వాడు సీయింగ్ థియరీలో నాణేలు ఎగరేస్తూ కూర్చుంటున్నాడు, లాప్‌టాప్ నాకు దొరకడం లేదు.