జాగ్రత్త: లారీ టైర్ల గన్నుకి ఆన్‌లైన్లో దొరికే చవక షాఫ్టు

టైరు షాపులవాళ్ళూ, లారీ గ్యారేజీలవాళ్ళూ ఒక్క నిమిషం ఆగండి. చక్రాల నట్లు గాలితో విప్పి బిగించే ఒక అంగుళం ఎయిర్ గన్నుకి (అంగుళం అంటే షాఫ్టు చదరం కొలత) విడి షాఫ్టు ఆన్‌లైన్లో చూస్తున్నవాళ్ళు మరీ ముఖ్యంగా. నేను కొన్నది పదకొండో రోజున, టిప్పర్ వెనక చక్రం నట్టు మీద ఉండగా పుటుక్కున తెగింది. నట్టుని పట్టే గిన్నెలాంటి సాకెట్ నట్టు మీదే ఉండిపోయింది. గన్ను నన్ను ముందుకు లాగేసింది, మోకాలు నేలకి కొట్టుకుంది. షాఫ్టు చదరపు కొస మూల నుంచి ఊడిన పెచ్చు మా కుర్రాడి చెవి పక్కనించి పోయి, పంక్చర్ చూసే ప్లాస్టిక్ తొట్టిలో దిగింది. నీళ్ళు కారుతుంటే గానీ ఏం జరిగిందో మాకు తెలీలేదు.

బిల్లులో దాన్ని యాన్విల్ అని రాస్తారు. మనవాళ్ళకి షాఫ్టు, గన్ను ముక్కులోంచి బయటికొచ్చే, కొస చదరంగా ఉండే కడ్డీ. యాన్విల్ అంటే కమ్మరి దాగలే, పేరు సరిగ్గానే పెట్టారు. లోపల గాలికి తిరిగే సుత్తులు ఆగకుండా దాని మీద కొడుతుంటాయి, ఆ దెబ్బని అది సాకెట్‌కి, సాకెట్ నట్టుకి అందించాలి. పై పొర గట్టిగా ఉండాలి, లేకపోతే అరిగిపోతుంది. లోపలి గుండె మాత్రం కాస్త సాగే గుణంతో ఉండాలి, లేకపోతే పగిలిపోతుంది. ఈ రెండూ ఒకే ముక్కలో రప్పించడంలోనే దాని ఖరీదంతా ఉంది.

నా పాత షాఫ్టు ఆరేళ్ళు పనిచేసి మూలలు గుండ్రబడింది. డీలరు దగ్గర అసలుది 5,200 అన్నాడు, అదీ వారం ఆగాలి. ఆన్‌లైన్లో 2,350కి షాఫ్టూ, దాంతోపాటు 33 సైజు సాకెట్ కూడా. ఆశపడ్డాను, దాచుకోవడమెందుకు.

వచ్చాక అందరూ చెప్పే పరీక్షే చేశాను, ఆకురాయి పెట్టి గీశాను. గీత పడలేదు, ఆకురాయి జారిపోయింది. ఇంకేం, గట్టి సరుకే అనుకున్నాను. నేను మోసపోయింది ఇక్కడే. ఆకురాయి చెప్పేది పై పొర సంగతే. మెత్తటి ఇనుమైతే దొరికిపోతుంది గానీ, లోపలిదాకా గాజులా గట్టిపడిపోయిన ముక్క కూడా ఆ పరీక్షలో దర్జాగా పాసైపోతుంది.

తెగిన ముక్కని మా వీధి చివర కొలిమి పెద్దాయనకి చూపించాను. ఎండలో ఇటూ అటూ తిప్పి, "ఎర్రగా కాచి ముంచేశారు నాయనా, మళ్ళీ సన్న సెగ మీద కాచి దించలేదు," అన్నాడు. తెగినచోట అంచు నుంచి మధ్యదాకా పంచదార పలుకుల్లా ఒకటే మెరుపు. ఆరేళ్ళ పాత షాఫ్టుని కూడా సమ్మెటతో విరగ్గొట్టి పక్కన పెట్టాం. దాని అంచున సన్నటి పొర వేరేగా కనబడింది, మధ్యంతా బూడిద రంగులో పీచుపీచుగా ఉంది.

ఇంకో తప్పు కొత్తలోనే నా కంటికి కనబడాల్సింది. చదరం మొదలయ్యే చోట, గుండ్రటి కడ్డీలో కలిసే మూల, మంచి షాఫ్టుకి ఒంపు తిరిగి నున్నగా ఉంటుంది. దీనికి కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది, లేత్ గీతలు గోరుకి తగులుతున్నాయి. పగులు మొదలయ్యేది అలాంటి మూలలోనే. నాదీ సరిగ్గా అక్కడే తెగింది.

సాకెట్‌ది ఇంకో కథ. నల్లరంగు, పైన "క్రోమ్ మాలీ" అని అక్షరాలు, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి ఉక్కని. వారానికే దాని చదరపు బెజ్జం సాగి లొడలొడలాడింది. ఆకురాయి పెడితే సబ్బులా గీత పడింది. షాఫ్టుకి గట్టిదనం ఎక్కువ, సాకెట్‌కి అసలు లేదు! నలుపు చూసి నమ్మకండి, అది రంగు డబ్బాలోంచి కూడా వస్తుంది. మెరిసే చేతి సాకెట్లని గన్నుకి తగిలించే అన్నలకి వేరే చెప్పాలా? అవి పలచటి గోడలవి, దెబ్బలకి చేసినవి కావు, చీలి ఎగురుతాయి.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "ప్రెషర్ ఎంత పెట్టారు?" నిజం చెప్పాను, కంప్రెసర్ దగ్గర 110 పీఎస్ఐ. గన్ను మీద 90 అనే రాసుంటుంది. మధ్యలో పొడుగాటి గొట్టముంది, గన్ను దగ్గరికొచ్చేసరికి ఎంత దిగుతుందో కొలిచే గేజు నా దగ్గర లేదు. అంతే, తప్పు నాదేనన్నాడు. వాడిన సరుకు వాపసు లేదన్నాడు. మీరు గన్ను దగ్గరే ఒక రెగ్యులేటరూ గేజూ పెట్టుకోండి, ఆ మాట అనే అవకాశం వాడికివ్వద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, గోరుతో ఆ మూల తడమండి, తేడాగా ఉంటే బిగించకుండానే తిప్పి పంపండి. ఒకసారి బిగిస్తే డబ్బు పోయినట్టే.

ముక్కాలు అంగుళం గన్నువాళ్ళు అడాప్టర్ వేసి అంగుళం సాకెట్ బిగించడం కూడా చూస్తుంటాను. చదరం మెలిబలం కొలతకి ఘనంలో పెరుగుతుంది, అంటే అంగుళంతో పోలిస్తే ముక్కాలుది సగానికన్నా తక్కువ. సాకెట్ షాఫ్టు మీంచి ఊడకుండా పట్టే పిన్ను పోతే మేకు దూర్చేవాళ్ళూ ఉన్నారు, మా షాపులోనే ఉన్నారు, మొన్ననే పీకించాను.

నిన్న చూస్తే అదే షాఫ్టు, అదే ఫోటో, వేరే షాపు పేరుతో ఉంది. "హెవీ డ్యూటీ" అని తగిలించి 200 పెంచారు. షాఫ్టుని పట్టుకున్న చేతి బొటనవేలి గోరు సగం నల్లగా ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపట్టండి.