గండమ్ తొలి ఎపిసోడ్లు రుచించకపోతే ఏది మేలు: ఓపిక పట్టడమా, సినిమాలు చూడడమా, వేరే సిరీస్‌కు మారడమా?

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి విశాఖపట్నం కాలేజీలకు వెళ్లివచ్చే కుర్రవాళ్లలో జపాన్ అనిమే చూసేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. మనిషి లోపల కూర్చొని నడిపే భారీ యంత్రాల కథలను, అంటే మెకా సిరీస్‌లను, చూడాలని సరదాపడినవాళ్లలో కొందరు పాతదాని దగ్గర నుంచే వద్దామని 1979 నాటి ‘మొబైల్ సూట్ గండమ్’ మొదలుపెట్టి, నాలుగైదు ఎపిసోడ్లకే ఉసూరుమంటారు. మా మేనల్లుడు నాలుగోది పూర్తిచేసి, “ఏటి మావయ్యా, ఇంత పేరుపడిన కథలో ఉన్నది ఇంతేనా?” అని అడిగాడు. అతనికి చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఈ నిరుత్సాహం అతనొక్కడిదే కాదు, అందులో న్యాయం కూడా ఉంది.

అతని ముందున్న దారులు మూడు. మొత్తం 43 ఎపిసోడ్లనూ ఓపికగా చూడడం ఒకటి. అదే కథను కుదించి 1981, 1982 సంవత్సరాల్లో విడుదల చేసిన మూడు సినిమాలతో సరిపెట్టుకోవడం రెండవది. గండమ్‌ను పక్కన పెట్టి, తొలి ఘట్టంలోనే కట్టిపడేసే 1995 నాటి ‘నియోన్ జెనెసిస్ ఇవాంజెలియన్’ వంటిదాన్ని ఎత్తుకోవడం మూడవది.

ముందుగా ఫిర్యాదులోని నిజాన్ని ఒప్పుకోవాలి. తొలి ఎపిసోడ్లలో బొమ్మల కదలిక మొరటుగా ఉంటుంది. గీసిన దృశ్యాలనే మళ్లీ మళ్లీ వాడుకుంటారు. శత్రుపక్షమైన జియాన్ సైన్యానికి చెందిన షార్ అనే అధికారి కథానాయకుల నౌక వెంటపడతాడు, సిరీస్‌కు పేరిచ్చిన గండమ్ యంత్రం అడ్డుకుంటుంది, అతను వెనుదిరుగుతాడు, మరుసటి వారం మళ్లీ వస్తాడు. దర్శకుడు యోషియుకి తొమినో ఎంత గంభీరమైన యుద్ధకథ చెప్పదలచుకున్నా, ప్రధాన ప్రాయోజకులు క్లోవర్ అనే ఆటబొమ్మల కంపెనీవారు కావడంతో, యంత్రం ప్రతివారం తెరమీదికి రావలసిందే, వీలైతే ఏదో ఒక కొత్త ఆయుధం చూపించవలసిందే. అయిదో ఎపిసోడ్‌లో గండమ్ గొలుసుకు కట్టిన ముళ్లగుండును గిరగిర తిప్పడం ఆ ఒత్తిడి ఫలితమేనని నాకు అనిపిస్తుంది. ఆనాటి జపాన్ ప్రేక్షకులు కూడా దీన్ని నెత్తిన పెట్టుకోలేదు. 52 ఎపిసోడ్లుగా తలపెట్టిన సిరీస్ ఆదరణ లేక 43తో ఆగిపోయింది. పునఃప్రసారాలు జరిగి, 1980లో బాండాయ్ వారి ప్లాస్టిక్ నమూనాలు బజారులోకి వచ్చిన తరువాతే దానికి ఈ పేరు వచ్చింది. అందువల్ల మొదట్లో నచ్చలేదని చెప్పడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు.

అయితే యుద్ధానికీ యుద్ధానికీ నడుమ ఆ సిరీస్ మనకు ఏమి చూపిస్తోందో గమనించాలి. మొదటి ఎపిసోడ్‌లో కథానాయకుడైన 15 ఏళ్ల అమురో గండమ్‌లోకి ఎక్కి మొదటి శత్రుయంత్రాన్ని నరికినప్పుడు అది పేలిపోయి, జనం నివసించే అంతరిక్ష నగరం గోడకే చిల్లు పడుతుంది. ఆ సంగతి అర్థమైన కుర్రవాడు రెండోదాన్ని పేలకుండా ఆపడానికి నేరుగా అందులోని సైనికుడు కూర్చున్న చోటనే పొడుస్తాడు. వీరత్వంగా చూపించదగిన ఆ క్షణాన్ని సిరీస్ ఒక లెక్కగా, ఒక హత్యగా చూపిస్తుంది. ఆ తరువాత నగరం విడిచిన జనమంతా వైట్ బేస్ అనే యుద్ధనౌకలోకి చేరతారు. పై అధికారులు పోవడంతో 19 ఏళ్ల బ్రైట్ నౌకకు పెద్ద అవుతాడు. అక్కడి నుంచి కథ సగం యుద్ధం, సగం శరణార్థుల శిబిరం. చోటు చాలదు, ముసలివాళ్లు తమను ఎక్కడైనా దించేయమని పోరుతారు, పిల్లలు నడవల్లో పరుగులు తీస్తుంటారు.

ఎనిమిదో ఎపిసోడ్ సంగతి కొంచెం విడిగా చెప్పాలి. ఒక తల్లి తన కొడుకుతో సెయింట్ ఆంజ్ అనే ఊరు చేరాలని నౌక దిగిపోతుంది. ఆమెను ఆకాశం నుంచి గమనించిన శత్రుసైనికుడు చంపకుండా, తినడానికి సామాను విడిచిపెట్టి, చివరకు దగ్గరికి వచ్చి మాట్లాడతాడు. సెయింట్ ఆంజ్ ఎటువైపు అని ఆమె అడిగితే, వాళ్లు నిలబడి ఉన్న ఆ బీడునేలే సెయింట్ ఆంజ్ అని తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిన తరువాత ఉద్దానంలో తిరిగినవాళ్లకు ఈ దృశ్యం ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. కొబ్బరితోటలూ జీడితోటలూ నేలకూలి, దారి గుర్తులన్నీ పోయి, సొంత ఊరి మొగదలలోనే నిలబడి ఇది ఏ ఊరని అడిగినవాళ్లు మనలో ఉన్నారు. ఆ ఎపిసోడ్‌లో గండమ్ చేసే యుద్ధం నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేదు; ఆ తల్లి మాత్రం గుర్తుంది.

మూడు ఎపిసోడ్లు చూసి తేల్చుకోవాలని కుర్రవాళ్లు పెట్టుకున్న నియమం గండమ్ విషయంలో పనికిరాదు. మొదటి అయిదు ఎపిసోడ్లు కలిసి ఒకే ప్రయాణం: నౌక అంతరిక్షం నుంచి తప్పించుకొని భూమికి దిగడం. మూడో దానితో ఆపితే సగం దారిలో దిగిపోయినట్లే. అసలు మలుపు తొమ్మిదిలో వస్తుంది. ఇక యుద్ధానికి వెళ్లనని మొండికేసిన అమురో చెంప మీద బ్రైట్ కొడతాడు; తండ్రి కూడా తనపై ఎన్నడూ చెయ్యి చేసుకోలేదని ఆ కుర్రవాడు ఉక్రోషపడతాడు. పదమూడులో అతను కన్నతల్లిని చాలాకాలానికి కలుసుకుంటాడు, ఆమె కళ్లెదుటే ఒక సైనికుణ్ణి కాలుస్తాడు, నా బిడ్డ ఇలా తయారయ్యాడేమిటని ఆమె కుమిలిపోతుంది. మొదటి నాలుగింటిలో మనకు చికాకు కలిగించిన ఆ ముభావపు పిల్లవాడినే చూపించి ఉండకపోతే, ఈ పదమూడోది ఇంతగా మనసును పట్టుకోదు. ఇందుకే నేను ఓపిక పట్టమంటాను, అదీ పదమూడు వరకే. అక్కడికీ మనసు పట్టకపోతే నిశ్చింతగా మానేయవచ్చు.

రెండో దారి సినిమాలు. సమయం తక్కువ ఉన్నవాళ్లకు ఇవి నిజంగా ఉపకారం. ఒక్కొక్కటి రెండు గంటలకు పైబడినా, మూడూ కలిపితే మొత్తం సిరీస్‌లో సగం సమయం కూడా పట్టదు. ఆటబొమ్మల కోసం చేర్చిన జి-ఆర్మర్ అనే విమానాన్ని తీసేసి, దాని స్థానంలో కథకు నప్పే చిన్న యుద్ధవిమానాన్ని పెట్టారు. కాని మొదటి సినిమా దాదాపు 13 ఎపిసోడ్ల కథను ఊపిరి తిప్పుకోనివ్వకుండా పరుగెత్తిస్తుంది. ఒక యుద్ధం ముగియగానే ఇంకొకటి. శరణార్థుల విసుగు, నౌకలోని ఇరుకు, ఎదురుచూపు మనకు అందవు. నిదానం నచ్చక సినిమాకు వెళ్లినవాళ్లకు అక్కడ వేగం దొరుకుతుంది గాని, మనుషులు కొంత జారిపోతారు. టీవీ సిరీస్ 16వ ఎపిసోడ్‌లో వంటవాడు తమురా ఉప్పు నిండుకుంటోందని బ్రైట్‌కు చెప్పుకోవడం, ఉప్పు దొరికే సరస్సు కోసం యుద్ధనౌక వెతుకులాడడం ఉన్నాయి. నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగిన నాకు, సైన్యం ఉప్పు కోసం ఆగిపోయిందన్న మాటలో ఉన్నంత యుద్ధం ఏ పేలుడులోనూ కనిపించలేదు. అటువంటి తీరికను సినిమా నుంచి ఆశించలేము.

ఇక ఇవాంజెలియన్. ఆరంభం విషయంలో గండమ్ దీనితో తూగలేదు, ఇందులో వాదన లేదు. దర్శకుడు హిదెయాకి అన్నో మొదటి ఎపిసోడ్‌లోనే 14 ఏళ్ల షింజీని, ఏళ్ల తరబడి దూరంగా ఉంచిన తండ్రి ముందు నిలబెడతాడు. తండ్రి పలకరింపు ఒకే ఆజ్ఞ: ఈ యంత్రంలో ఎక్కు. పిల్లవాడు కాదంటే, కట్లతో నెత్తురోడుతున్న ఒక అమ్మాయిని మంచం మీద తోసుకువస్తారు. రెండో ఎపిసోడ్ యుద్ధం మధ్యలో కోసేసి, ఆసుపత్రి పైకప్పు చూపించి, జరిగినదాన్ని చివర్లో జ్ఞాపకంగా బయటపెడుతుంది. కరెంటు తీగ ఊడిపోతే ఆ యంత్రం అయిదు నిమిషాలకు మించి కదలదన్న ఒక్క నియమమే ప్రతి పోరాటానికీ బిగువు తెస్తుంది. గమ్మత్తేమిటంటే నాలుగో ఎపిసోడ్‌లో షింజీ ఇల్లు విడిచి రైళ్లలో, కొండల్లో ఊరికే తిరుగుతాడు. అది గండమ్‌లోని ఏ ఎపిసోడ్ కన్నా నిదానమే. అయినా ఎవరూ మానేయరు, ఎందుకంటే అప్పటికే మనం ఆ పిల్లవాడి పక్షం చేరిపోయి ఉంటాము.

అయితే ఇవాంజెలియన్‌లో చిక్కు చివర ఎదురవుతుంది. 26 ఎపిసోడ్లలో ఆఖరి రెండూ యుద్ధాన్ని వదిలేసి పాత్రల మనసుల్లోకి వెళ్లిపోతాయి. కథ ఎలా ముగిసిందో కళ్లకు కట్టాలని కోరేవారికి అది పెద్ద ఆశాభంగం. 1997లో వచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ ఇవాంజెలియన్’ సినిమాను కూడా కలిపి చూస్తేనే తృప్తి. ‘కోడ్ గియాస్’ వంటి 2006 నాటి సిరీస్ ఇంకా వేగం, ప్రతి ఎపిసోడ్ చివరా ఒక మెలిక పెడుతుంది. సెలవుల్లో కాలక్షేపానికి అంతకన్నా హుషారైనది కోరనక్కరలేదు, కాని అందులో యంత్రాల కన్నా ఎత్తుగడలకే ప్రాముఖ్యం.

నా తీర్పు ఇది. మెకా కథలు ఇదివరకు ఒక్కటీ చూడనివారు ఇవాంజెలియన్‌తో మొదలుపెట్టడం మేలు. ఇప్పటికే గండమ్ మొదలుపెట్టి నాలుగో అయిదో దగ్గర ఆగినవారు మొదటి సినిమాకు మళ్లకుండా టీవీ సిరీస్‌నే 13 వరకు, మనసు పడితే 31 వరకు సాగించడం మేలు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు చాలు, అంతకు మించితే పునరావృతం కళ్లకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 31 తరువాత మాత్రం మూడో సినిమాకు మారాలి. పాత్రలను తీర్చిదిద్దిన యోషికాజు యాసుహికో సిరీస్ చివరి దశలో అనారోగ్యంతో ఆసుపత్రి పాలవడంతో ఆ ఎపిసోడ్ల బొమ్మలు బాగా పలచబడ్డాయి. మూడో సినిమాలో చాలా భాగం కొత్తగా గీశారు. స్లెగ్గర్ అనే ముఖ్యమైన పైలట్ టీవీలో 31వ ఎపిసోడ్‌లోనే అడుగుపెడతాడు కాబట్టి దాన్ని వదలకూడదు. సినిమాలోకి వచ్చాక నౌకలోని విమానాలు మారిపోయినట్లు కనిపిస్తాయి, అది పైన చెప్పిన జి-ఆర్మర్ మార్పు మాత్రమే, కథలో ఏదీ తప్పిపోలేదు.