ప్రూఫ్ నాణెమా, మామూలు నాణెమా: ఏది ఏదో తెలిసేదెలా, ఏది మేలు?

నా బల్ల మీద ఇప్పుడు రెండు పది రూపాయల వెండి నాణేలు ఉన్నాయి. రెండూ 1969 గాంధీ శతజయంతికి వేసినవే. ఒక్కొక్కటి 15 గ్రాములు, నూటికి 80 పాళ్లు వెండి. ఒకటి మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన మామూలు నాణెం. రెండోది రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్ దగ్గర ఒకాయన "అసలు ప్రూఫ్ అండి బాబూ" అంటే నమ్మి, మామూలు ధరకు నాలుగింతలు పెట్టి కొన్నాను. ఇంటికి తెచ్చి పక్కపక్కన పెట్టాక తెలిసింది, అదీ మామూలుదే. ఎవరో బాగా తోమి మెరుగు పెట్టారు. ఇంకొకరికి ఈ నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ప్రూఫ్ అన్న మాటకు నాణెం కొత్తదని అర్థం కాదు. అది తయారీ పద్ధతి పేరు. అచ్చును అద్దంలా నునుపు చేస్తారు, బిళ్లకూ మెరుగు పెడతారు, ఒక్కొక్క బిళ్లనూ విడిగా యంత్రంలో ఉంచి ఎక్కువ ఒత్తిడితో ఒకటికి రెండు సార్లు అచ్చొత్తుతారు. చలామణి నాణేనికి పడేది ఒక్క దెబ్బే. వెంటనే వందలాది నాణేలతో కలిసి తొట్టిలో పడుతుంది. అందుకే సంచీ విప్పి అప్పుడే తీసిన రూపాయి మీద కూడా చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. మరోవైపు, జేబులో పడి అరిగిపోయినా ప్రూఫ్ ప్రూఫే.

కిటికీ దగ్గర వెలుతురులో నాణెం పక్కన వార్తాపత్రికను నిలబెట్టి చూడండి. అసలు ప్రూఫ్ ఖాళీ భాగంలో అక్షరాలు తిరగబడి స్పష్టంగా కనిపిస్తాయి. బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది. అరగని మామూలు నాణేన్ని అటూ ఇటూ వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచులకు పాకిన జాడ అది. నేను కొన్న నాణెంలో ఈ రెండూ లేవు. భూతద్దం పెడితే వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే వైపుకు. అక్షరాల మొదళ్ల దగ్గర గుడ్డ అందని చోట నల్లటి మురికి అలాగే ఉండిపోయింది.

అయితే అద్దం పరీక్ష ఒక్కటే చాలదు. కొత్త అచ్చు నుంచి వచ్చిన మొదటి కొన్ని మామూలు నాణేలూ కాస్త అద్దంలా మెరుస్తాయి. అందుకే నేను ఎక్కువగా నమ్మేది అంచునే. ప్రూఫ్ నాణెం గట్టు పదునుగా, నలుచదరంగా లేస్తుంది. అక్షరాలు గోడ కట్టినట్టు నిటారుగా ఉంటాయి. మామూలుదాని గట్టు గుండ్రంగా వాలిపోతుంది. మెరుగు పెట్టే కంసాలి ఎంత నేర్పరి అయినా మెరుపు తేగలడు గానీ, అరిగిన చోట పదును తిరిగి తేలేడు. నా నాణెంలో గాంధీగారి చెవి అంచు మెత్తబడిపోయింది. తాతగారి నాణెంలో అదే చెవి ఇంకా తేటగా ఉంది.

టంకశాల గుర్తు కూడా సాయపడుతుంది. ముంబయిది వజ్రం, హైదరాబాదుది నక్షత్రం, నోయిడాది చుక్క. కోల్‌కతాకు గుర్తు ఉండదు. 1970లు, 80ల నాటి ముంబయి ప్రూఫ్ సెట్లలో వజ్రానికి బదులు ‘బి’ అక్షరం ఉంటుంది, 1996 నుంచి ‘ఎం’. అలాంటి సెట్టులోదని చెప్పే నాణెం మీద వజ్రం కనబడితే అక్కడే ఆగండి.

స్పెసిమెన్ అనేది ఈ రెండింటికీ నడిమి రకం. మామూలుదాని కంటే శ్రద్ధగా, ప్రూఫ్ కంటే తక్కువ హంగుతో అచ్చొత్తినది. కెనడా టంకశాల ఈ పేరు వాడుతుంది. మన టంకశాలలు సేకరణదారులకు అమ్మేవి ప్రధానంగా ప్రూఫ్, యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణిలోకి వెళ్లని మామూలు నాణేల) సెట్లే. ఇక బ్రిటిష్ కాలపు ప్రూఫ్ అని ఎవరైనా చూపిస్తే మరింత జాగ్రత్త. పాత అచ్చులతోనే తర్వాతి కాలంలో మన టంకశాలలు మళ్లీ కొట్టినవి చాలా తిరుగుతున్నాయి.

మరి ఏది మేలు? మన డెల్టాలో ఉండేవారికైతే నా మాట యూఎన్‌సీ సెట్టే. వానాకాలంలో అమలాపురంలోనో నరసాపురంలోనో బీరువా తెరిస్తే వచ్చే చెమ్మవాసన ఎలాంటిదో తెలిసినవారికి కారణం చెప్పక్కర్లేదు. ప్రూఫ్ అద్దం మీద వేలిముద్ర పడితే కొన్నాళ్లకు అది లోహంలోకే దిగిపోతుంది. నాసిరకం మెత్తటి ప్లాస్టిక్ కవరులో ఉంచితే ఆకుపచ్చ జిగురు పడుతుంది. మామూలు నాణెం మీద కంటికి ఆనని మచ్చ ప్రూఫ్ మీద దూరం నుంచే కనబడుతుంది. కన్ను అలవాటు చేసుకోవాలంటే బ్యాంకు నుంచి తెచ్చిన కొత్త రూపాయి నాణేల కంటే మంచి పాఠం లేదు. వాటి గట్టు, గాట్లు, తిరిగే వెలుగు బాగా ఎరిగినవారికి ప్రూఫ్ చేతికి వచ్చిన క్షణంలోనే తేడా తెలుస్తుంది.

ప్రూఫే కావాలంటే టంకశాల పెట్టెతో, ధ్రువపత్రంతో ఉన్నదే కొనండి. పక్కన తేమ పీల్చే పొట్లం పెట్టి, అంచులు పట్టుకునే తీయండి. పెట్టె లేని వెండి ప్రూఫ్‌కు నేనైతే ఇప్పుడు వెండి ధర మించి ఒక్క రూపాయి ఇవ్వను.