రింగ్‌టోన్ల తయారీకి ఆడాసిటీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఫోన్‌తో వచ్చే రింగ్‌టోన్లు నాకు ఎప్పుడూ నచ్చలేదు. పదిమంది ఉన్న గదిలో ఒక ఫోన్ మోగితే నలుగురు జేబులు తడుముకుంటారు. అందుకే చాలా ఏళ్లుగా నా టోన్లు నేనే చేసుకుంటున్నాను, ఇంట్లోవాళ్లకీ చేసిపెడుతున్నాను. దాదాపు అన్నీ కంప్యూటర్‌లో ఆడాసిటీతో చేసినవే. 2000లో మొదటిసారి విడుదలైన ఉచిత ఓపెన్ సోర్స్ ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

ముందు ఫోన్ యాప్‌ల సంగతి. రింగ్‌టోన్ కట్టర్లు కొల్లలుగా దొరుకుతాయి. పాట తెరిచి, రెండు పక్కలా గీతలు జరిపి, సేవ్ కొడితే పని అయిపోతుంది. తొందరలో ఉన్నప్పుడు అది చాలు. కానీ నేను వాడి చూసినవాటిలో ఎక్కువ వాటికి ప్రకటనల గోల. పర్మిషన్లు కూడా చూసుకోవాలి. టోన్ సెట్ చెయ్యడానికి సిస్టమ్ సెట్టింగ్స్ మార్చే అనుమతి అడగడం న్యాయమే. ఒక్కొక్కరికి ఒక్కో టోన్ పెట్టడానికి కాంటాక్ట్స్ అడిగినా అర్థముంది. లొకేషన్ ఎందుకు? అది అడిగిన యాప్‌ని నేను అక్కడికక్కడే తీసేస్తాను. వీటి అసలు లోటు మాత్రం వేరే. కత్తిరింపు, కాస్త ఫేడ్ (శబ్దం మెల్లగా పెరగడం, తగ్గడం) తప్ప వీటిలో చాలావాటికి ఇంకేమీ రాదు. మంచి రింగ్‌టోన్‌కి కత్తిరింపు సగం పని కూడా కాదు.

ఎందుకంటే పాట వినేది హెడ్‌ఫోన్‌లో, టోన్ మోగేది జేబులో. వేలిగోరంత స్పీకర్ అది. సుమారు 300 హెర్ట్జ్‌ల (సెకనుకి అన్ని కంపనాల) కింద ఉన్న లోతైన శబ్దాన్ని అది సరిగా పలికించలేదు. హెడ్‌ఫోన్‌లో గుండె అదిరేలా వినిపించిన డ్రమ్స్ ఫోన్‌లో ఆనవాలు లేకుండా పోయేది అందుకే. మన చెవికేమో 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య శబ్దం ఇట్టే పట్టుబడుతుంది. వేణువు, గంటలు, గిటార్ తీగ మీటు, స్పష్టమైన గొంతు, ఇవి టోన్‌గా బాగా పనికొస్తాయి. పాట ఎంచుకునేటప్పుడే ఇది చూసుకుంటే సగం గెలిచినట్టే.

ఆడాసిటీ నాకు నచ్చింది సరిగ్గా ఇక్కడే. ముందు స్టీరియోని, అంటే ఎడమ కుడి శబ్దాల్ని, ఒక్కటిగా కలిపి మోనో చేస్తాను. తర్వాత హై-పాస్ ఫిల్టర్‌తో 200 హెర్ట్జ్‌ల కిందిదంతా తగ్గిస్తాను. స్పీకర్ ఎలాగూ పలికించలేని బేస్ అది, ఉన్నా ఊరికే చోటు తింటుంది. అది పోయాక శబ్దం పెంచే యాంప్లిఫై విండో తెరిస్తే తేడా అంకెల్లోనే కనిపిస్తుంది. బేస్ బరువుగా ఉన్న పాటని నేరుగా తెరిస్తే శబ్దం పగలకుండా పెంచడానికి దాదాపు సున్నా డెసిబెల్స్ (గట్టితనం కొలత) చోటే ఉంటుంది. ఫిల్టర్ తర్వాత చూస్తే రెండు మూడు డెసిబెల్స్ చోటు దొరుకుతుంది. ఆ చోటు వాడుకుంటే అదే ఫోన్, అదే వాల్యూమ్, పక్కగదిలోకి వినిపిస్తుంది. ఈ ఒక్క పని కోసమైనా కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు.

తర్వాతది అతుకు. ఫోన్ ఎత్తేదాకా టోన్ తిరిగి తిరిగి మోగుతుంది కదా, చివరకొచ్చి మళ్లీ మొదలయ్యే చోట టిక్కుమన్నా, క్షణం ఆగినా చెవికి గుచ్చుకుంటుంది. ఎంచుకున్న ముక్క మీద జెడ్ మీట నొక్కితే ఆడాసిటీ రెండు అంచుల్నీ తరంగం సున్నా గీతని దాటే చోటికి జరుపుతుంది, టిక్కు పోతుంది. తాళంలో ఒక దెబ్బ దగ్గర మొదలుపెట్టి, మళ్లీ అదే దెబ్బ వచ్చేముందు ఆపితే అతుకు తెలియదు. ఆగడానికి కారణం మాత్రం ఎంపీ3. ఆ ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు మొదట్లో, చివర్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. అందుకే ఆండ్రాయిడ్ ఫోన్‌కైతే నేను ఓజీజీ అనే వేరే ఫార్మాట్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేస్తాను. మెటాడేటా (ఫైల్ వివరాల) పట్టికలో ఒక వరస కలిపి, ఆండ్రాయిడ్, లూప్ అనే రెండు మాటల్ని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో మధ్యలో అండర్‌స్కోర్‌తో రాసి, ఎదురుగా చిన్నక్షరాల్లో ట్రూ అని పెడితే ఫోన్ దాన్ని ఎడం లేకుండా తిప్పుతుంది. ఈ సంగతి తెలిశాక పాత టోన్లన్నీ తీసి మళ్లీ చేశాను, అంత తేడా ఉంది.

మొదటి రెండు సెకన్ల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పాట మొదట్లో ఉండే నెమ్మదైన ఎత్తుగడ టోన్‌కి పనికిరాదు, అది పుంజుకునేలోపు కాల్ కట్టయిపోతుంది. అలారానికి మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం, అక్కడ నాలుగైదు సెకన్ల ఫేడ్-ఇన్ ఉండాల్సిందే. మెసేజ్ టోన్ ఒక్క సెకను దాటకూడదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పాటలు కావు, ఇంట్లోవాళ్ల గొంతులు. మా పాప చిన్నప్పటి నవ్వు తన నంబర్‌కి పెట్టుకున్నాను. ఆ రికార్డింగ్ నిండా ఫ్యాన్ రొద. నవ్వుకి ముందు ఫ్యాన్ ఒక్కటే వినిపించే చిన్న ముక్క దొరికింది. దాన్ని నాయిస్ ప్రొఫైల్‌గా (తీసెయ్యాల్సిన రొదకి నమూనాగా) ఇచ్చి, మొత్తం మీద నాయిస్ రిడక్షన్ నడిపితే రొద చాలావరకు పోయింది. దీన్ని అతిగా వాడకూడదు. 12 డెసిబెల్స్ దాటిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. కొంచెం రొద మిగిలినా మనిషి గొంతు మనిషి గొంతులా ఉండటం ముఖ్యం.

ఏళ్లు గడిచేకొద్దీ సాఫ్ట్‌వేర్ కూడా మెరుగైంది. ఇదివరకు ఒక ప్రాజెక్ట్ (మళ్లీ మార్చుకునేలా దాచుకున్న ఎడిటింగ్ పని) అంటే ఒక ఫైలు, దాని పక్కనే ఓ డేటా ఫోల్డరు. ఒకటి జరిపి రెండోది మరిచిపోతే తెరుచుకునేది కాదు. 2021లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అంతా ఒకే ఫైల్‌లో ఉంటుంది. 2022 నాటి 3.2 నుంచి ఎఫెక్ట్‌లని పాట వింటూనే మార్చుకోవచ్చు, ఫిల్టర్ సరిచూసుకోవడం బాగా తేలికైంది.

కొత్తవాళ్లకి ఆ స్క్రీన్ చూస్తే కాస్త టెన్షన్ పుడుతుంది, నిజమే. మెనూల్లో తొంభై శాతం మనకి అక్కర్లేదు, పట్టించుకోకండి. ఐఓఎస్ 26కి ముందటి సిస్టమ్‌తో నడిచే ఐఫోన్ ఉంటే పని ఇంకాస్త ఎక్కువ. ఐఫోన్ తీసుకునే ఏఏసీ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చెయ్యడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ విడిగా వేసుకోవాలి, వచ్చిన ఫైల్ ఎక్స్‌టెన్షన్‌ని ఎం4ఆర్‌గా మార్చాలి, కేబుల్ పెట్టి ఎక్కించాలి. 30 సెకన్ల లోపు ఉంచితే ఇబ్బంది రాదు. ఆండ్రాయిడ్‌లో అయితే రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు, సౌండ్ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది.

టోన్ ఫైల్ ఒక్కటే కాకుండా ప్రాజెక్ట్ ఫైల్ కూడా దాచుకోండి. ఫోన్ మారితే స్పీకర్ మారుతుంది, ఫిల్టర్ దగ్గర నుంచి మళ్లీ చూసుకోవాలి. ఎవరికి ఏ టోన్ అన్నది కూడా కొత్త ఫోన్‌లో ఒక్కొక్క పేరుకీ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. నేను ప్రతి ఫైల్‌కీ ఆ మనిషి పేరే పెట్టి ఒక ఫోల్డర్‌లో ఉంచుతాను.