ఎనిమిది సెషన్ల తరువాత: హైదరాబాద్‌లోని ఒక కౌన్సెలింగ్ కేంద్రంపై సమీక్ష

జనవరి నుంచి ఏప్రిల్ వరకు హైదరాబాద్‌లోని ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి ఎనిమిది సార్లు వెళ్లాను. అక్కడికి వచ్చేవారు తమ రాకపోకలు బయటికి తెలియకూడదని కోరుకుంటారు, గేటు మీద కూడా ఒక డాక్టరుగారి పేరు తప్ప మరే బోర్డూ లేదు కనుక ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు.

నేను స్త్రీల పట్లా పురుషుల పట్లా ఆకర్షణ కలిగే మగవాణ్ని. నా వయసు ముప్ఫై మూడు. ఇంతకుముందు ఈ మాట రెండుచోట్ల చెప్పుకున్నాను. మా జిల్లా కేంద్రంలోని ఒక డాక్టరు "పెళ్లి చేసుకో బాబూ, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. తరువాత ఉద్యోగరీత్యా షికాగోలో ఉన్నప్పుడు కలిసిన కౌన్సెలర్, నాకు నిజంగా ఇష్టమైనది పురుషులేననీ, అది ఒప్పుకోవడానికి ధైర్యం చాలక స్త్రీల పేరు చెబుతున్నాననీ మర్యాదగానే సూచించారు. ఒకరు నాలో ఒక సగాన్ని లెక్కలోకే తీసుకోలేదు, మరొకరు రెండో సగాన్ని నమ్మలేదు. ఈ కేంద్రం గురించి ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, ఇక్కడి కౌన్సెలర్ మేడమ్ నేను చెప్పినదాన్ని చెప్పినట్టుగానే రాసుకున్నారు. ఎవరంటే ఎక్కువ ఇష్టమని తూకం వేయమనలేదు.

ఆ ఇద్దరూ అలా ఎందుకు మాట్లాడారని మూడో సెషన్‌లో అడిగాను. ఆ గంటంతా ఆమె దానికే కేటాయించారు. నేనుండిన షికాగో పక్కనే ఉన్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో, తాము ద్విలైంగికులమని, అంటే స్త్రీపురుషులిద్దరి పట్లా ఆకర్షణ ఉందని చెప్పుకున్న పురుషుల శరీర స్పందనలను పరికరాలతో కొలిచి, వారిలో ఎక్కువమంది ఏదో ఒక పక్కకే గట్టిగా స్పందిస్తున్నారని ప్రకటించారు. పత్రికలు దాన్ని విస్తృతంగా ప్రచారం చేశాయి. స్త్రీపురుషులిద్దరితోనూ సంబంధాలు కలిగి ఉన్నవారినే ఎంచుకుని 2011లో అదే విశ్వవిద్యాలయంలో మళ్లీ పరీక్షించినప్పుడు, రెండు వైపులా స్పందించే పురుషులు ఉన్నారని తేలింది. 2020లో 474 మంది పురుషుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ కూడా ఆ మాటనే బలపరిచింది. మనిషి ఆకర్షణ రెండు గదుల్లో ఇమిడేది కాదని 1948లోనే కిన్సీ అనే పరిశోధకుడు సున్నా నుంచి ఆరు వరకు ఒక కొలమానం గీసి చూపిన దేశంలో, అన్ని దశాబ్దాల తరువాత కూడా ఒక మగవాడి మాటకు యంత్రం సాక్ష్యం చెప్పవలసి రావడం నన్ను చాలా బాధించింది.

మన దగ్గర సంగతి వేరని ఆమె వివరించారు. ఇక్కడ ఎవరూ అంత దూరం వెళ్లి అనుమానించరు, ఎందుకంటే అసలు ద్విలైంగికుడన్న పేరే ఎవరికీ పెట్టరు. మగవారితో సంబంధం ఉన్న మగవారిలో ఆడతనం చూపేవాణ్ని కోథీ అనీ, అతనితో మగవాడి పాత్రలో ఉండేవాణ్ని పంథీ అనీ మాట్లాడుకునే లోకంలో పంథీ మామూలు మగవాడి కిందే లెక్క. పెళ్లై పిల్లలున్నవాడు మరో మగవాడి దగ్గరికి వెళ్లినా, పడకలో అతని పాత్ర మగతనానికి భంగం కాదనుకున్నంతకాలం, అతనూ తనను తాను వేరుగా అనుకోడు, చుట్టూ ఉన్నవారూ అనుకోరు. లాటిన్ అమెరికాలోని అనేక సమాజాల్లోనూ ఇదే రకమైన లెక్క ఉందట. గుట్టుగా సాగినంతవరకు ఎవరూ ప్రశ్నించని ఈ ఏర్పాటులో మగవాడికి సౌకర్యం ఉన్నమాట నిజమే. కానీ అందులో ప్రేమకు చోటు లేదు, ఇంట్లో ఉన్న భార్యకు ఏమీ తెలియదు.

ఈ చివరి మాట ఫిబ్రవరిలో నాకు అక్కరకొచ్చింది. అమ్మ ఒక సంబంధం చూసి, మా మేనమామ ద్వారా అమ్మాయివాళ్లకు కబురు కూడా పంపింది. అమెరికా పద్ధతిలో ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అన్నీ చెప్పేయమని మేడమ్ అనలేదు; పెళ్లే వద్దనీ అనలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పుకోవాలో నీ ఇష్టమనీ, అయితే పెళ్లాడబోయే అమ్మాయికి మాత్రం తెలియకుండా ఉంచడం న్యాయం కాదనీ స్పష్టంగా చెప్పారు. మొదట అక్కకు చెప్పాను. ఆ సంబంధం గురించి అమ్మతో అక్కే మాట్లాడింది.

మొదటి రోజే ఇచ్చిన కాగితంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నా వివరాలు గోప్యంగా ఉంచే బాధ్యత తమదని రాసి ఉంది. లైంగికతను మారుస్తామనే చికిత్సలను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర వైద్య మండళ్లకు తెలియజేసిన సంగతి కూడా అందులోనే చదివాను.

లోపాలూ ఉన్నాయి. సెషన్‌కు పదిహేను వందల రూపాయలు; జీతం తక్కువున్నవారికి రాయితీ లేదు. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ ఒక్కరే కావడంతో మొదటి అపాయింట్‌మెంట్‌కు మూడు వారాలు ఆగవలసి వచ్చింది. రెండోసారి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లోని అబ్బాయి హాలంతా వినిపించేలా నా పేరు ఇంటిపేరుతో సహా పిలిచాడు. ఇలాంటి చోట అది చిన్న పొరపాటు కాదు. ఫిర్యాదు చేశాక టోకెన్ నంబర్లతో పిలవడం మొదలుపెట్టారు.

నమోదు పత్రం ఇంగ్లిష్‌లోనే ఉండేది. ఏప్రిల్‌లో తెలుగు ప్రతి ఒకటి తయారుచేసి, చూసి చెప్పమని నాకిచ్చారు. అందులో నాలాంటివారి గడి దగ్గర "ద్విలింగ" అని ఉంది. అది ఏడో ఎనిమిదో తరగతిలో మందార పువ్వును కోసి కేసరాలూ అండాశయమూ చూపిస్తూ మాస్టారు చెప్పిన మాట. ఆ పువ్వుకు సరిపోతుంది గానీ నాకు సరిపోదు. దాన్ని కొట్టేసి "ద్విలైంగిక" అని రాశాను. ఆ మాట కూడా తెలియని మా ఊరివాళ్ల కోసం, కింద "ఆడవారూ మగవారూ ఇద్దరూ ఇష్టమే" అని మరో వరుస చేర్చమన్నాను. ఎనిమిదోసారి వెళ్లేసరికి ఆ రెండు వరుసలూ అచ్చులో ఉన్నాయి.